పేరు మీద పెట్టిన చీర

నాందేడ్‌లో నేను పనిచేసిన చీరల దుకాణంలో అన్నిటికంటే పై అరలో ఎప్పుడు చూసినా నాలుగైదు చీరలు కాగితంలో చుట్టి ఉండేవి. అవి అప్పటికే అమ్ముడుపోయినవి. కొన్నవాళ్లు ఇంటికి తీసుకుపోలేదు, అంతే. మా తెలుగిళ్లలో అలకలకు కొదవ లేదు. తల్లీకూతుళ్లు, అక్కాచెల్లెళ్లు, వదినామరదళ్లు ఒకసారి మాట మానుకుంటే ఏళ్లకేళ్లు గడిచిపోతాయి. ముందు నోరు తెరిస్తే పరువు పోతుందని ఇద్దరికీ భయమే. అలాంటప్పుడు ఒకరు చప్పుడు చేయకుండా మా దుకాణానికి వచ్చి, అవతలివాళ్లకు నప్పే చీర ఒకటి ఏరి, మా సేఠ్ చేతికి ఇచ్చేవారు. ఆయన ఎందుకని అడిగేవాడు కాదు. అవతలి మనిషి బజారులో ఎదురైనప్పుడు, "నీ పేరు మీద చీర ఉన్నది. మీ అమ్మ చూసి పెట్టింది. అచ్చి తీస్కపో" అనేవాడు. ఆ చీర కట్టుకుని గడప తొక్కితే ఇక పాత సంగతి ఎవరూ ఎత్తకూడదు. ఇది ఎక్కడా రాసుకున్న నియమం కాదు గానీ, మా గల్లీల్లో పిల్లలకు కూడా తెలుసు.

సేఠ్ అని నేనంటున్నాను గానీ ఆయన్ని ఊరంతా మామ అనే పిలిచేది. మరాఠీవాళ్లు కూడా మామా అనేవాళ్లు. గుండ్రటి మనిషి, కండువాతో మెడ తుడుచుకుంటూ గాదీ పరుపు మీద కూర్చుంటే, గుమ్మంలో అడుగుపెట్టిన ఆడమనిషిని చూసి ఆమె మేనత్త పెళ్లికి ఏ రంగు పట్టుచీర కొన్నారో చెప్పగలడు. నేను ముద్ఖేడ్ నుంచి రోజూ ప్యాసింజర్ బండిలో వచ్చేదాన్ని. కంప్యూటర్ కోర్సు చేశానని బిల్లులు కొట్టడానికి పెట్టుకున్నారు. మొదటి రోజే మామ ఆ డబ్బాకు పసుపు కుంకుమ పెట్టించి, పక్కన ఊదుబత్తి వెలిగించాడు. నిప్పురవ్వ పడుతుందని నేను అరిస్తే, "గింత కోపమేందే నీకు? అత్తగారింట్ల ఎట్ల బతుకుతవ్?" అన్నాడు. నా కోపం సంగతి ముద్ఖేడ్ స్టేషన్లో చాయ్‌వాడికి కూడా తెలుసు, మామకు తెలియడానికి ఎంతసేపు!

రెండువేల సంవత్సరం దాటాక ఐదారేళ్లకు మామ కొడుకు పుణేలో చదువు ముగించుకుని వచ్చాడు. మేము చిన్నసేఠ్ అనేవాళ్లం. మంచి పిల్లాడే, కానీ కుదురు లేదు. పెద్ద ఊళ్లలో దుకాణాలన్నీ గిరాకీలకు ఈమెయిళ్లు పంపిస్తున్నాయి, మనమూ పంపిద్దామన్నాడు. వచ్చినవాళ్లందరికీ ఒక కార్డు ఇచ్చి పేరు, ఈమెయిలు రాయించమన్నాడు. అబ్బో, నాందేడ్‌లో చీరలు కొనే ఆడవాళ్లకు ఈమెయిళ్లు! చాలామంది నవ్వి, సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న కూతురిదో కోడలిదో రాసిచ్చేవాళ్లు.

మొదటి మెయిలు "ప్రియమైన కస్టమర్ గారికి" అని వెళ్లింది. ఒక్కరూ ఉలకలేదు. మామ పడిపడి నవ్వాడు. "కస్టమర్ గారంట! ఎవలే ఆయన? మన దుకాణానికి ఎన్నడన్న అచ్చిండా?" రెండోసారి చిన్నసేఠ్ ఎవరి పేరు వాళ్లకు పడేట్టు చేశాడు. మా దగ్గర పేర్లు మహారాష్ట్ర పద్ధతిలో ఉంటాయి కదా, ముందు ఇంటిపేరు, తర్వాత ఆమె పేరు, ఆ తర్వాత మొగుడి పేరు. అంతా పొడుగ్గా పడేసరికి కోర్టు నుంచి సమన్లు వచ్చినట్టుంది. పైగా పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడం ఏమిటని మామకు కోపం వచ్చింది. "నేను నోటితోని ఎట్ల పిలుస్తనో గట్లనే రాయుండ్రి" అని నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఒక్కో పేరు నేను చదవడం, ఈమె చెల్లె, ఈమె వహినీ అంటే వదిన, ఈమె మావషీ అంటే పిన్ని, ఈ పోరి నాకు బిడ్డ అని ఆయన చెప్పడం. నేను ఆ వరస కోసం కంప్యూటర్లో ఒక గడి చేశాను. కార్డు ఎవరు రాసిచ్చారో, తల్లా అత్తా అన్నది ఇంకో గడి. ఆ పని చేసిన రోజుల్లో నాకు ఎంత సంతోషంగా ఉండేదో! ఇంత పెద్ద ఊళ్లో ఎవరికి ఎవరు ఏమవుతారో ఒక్క మనిషి బుర్రలో ఉందన్నమాట.

ఆ మెయిళ్లకు జవాబులు వచ్చాయి. ఎక్కడెక్కడి నుంచో ఆడపిల్లలు "మామా, బాగున్నవా" అని ఇంగ్లీషు అక్షరాల్లో మన భాష రాసేవాళ్లు. తెలుగు అక్షరాలు పడే సదుపాయం అప్పుడు మా దగ్గర లేదు, నేనూ అలాగే రాసేదాన్ని. నేను చదివి వినిపిస్తే మామ కళ్లు తుడుచుకునేవాడు.

కార్డులు రాసిచ్చినవాళ్లలో ఒక పెద్దమ్మ ఉండేది. సన్నగా, ఎప్పుడూ మెడ నిండా కొంగు కప్పుకుని వచ్చేది. కొనడం తక్కువ, చీరల మీద చేయి వేసి నిమరడం ఎక్కువ. ఆమె కూతురు వేరే కులం మరాఠీ అబ్బాయిని పెళ్లి చేసుకుని సూరత్ వెళ్లిపోయింది. తండ్రి ఆ పిల్ల పేరెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడట. పెద్దమ్మ జాకెట్లోంచి మడతలు పడిన ఒక చీటీ తీసి, కూతురి ఈమెయిలు నా చేత ఎక్కించింది. "నువ్వు పంపితే మా బిడ్డకు ముట్టుతదా?" అని అడిగింది. అందుతుందన్నాను. ఏమైనా రాయమంటావా పెద్దమ్మా అంటే బెదిరిపోయింది. "వద్దు వద్దు, ఆయనకు ఎర్కయితే ఇల్లు లేస్తది. మంచి మంచి చీరల బొమ్మలు పంపు, సాలు. చూసుకుంటది." నేను అలాగే పంపేదాన్ని. ఆమె వచ్చిన ప్రతిసారీ "పంపినవా?" అని కళ్లతోనే అడిగేది.

ఆ చలికాలం పెద్దమ్మ చనిపోయింది. మొగుడు ఉండగా పోయిన మనిషి కదా, పచ్చ చీర కప్పాలి. ఆ చీర కోసం ఆయనే వచ్చాడు. తను పనిచేసే మిల్లు మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్న ముసలాయన, తల మీద తెల్ల టోపీ. మామ ఏరి ఇచ్చిన చీరను మారు చూడకుండా చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇదంతా మా అందరి కళ్ల ముందే జరిగింది. కంప్యూటర్‌కు మాత్రం ఏం తెలుసు? అందులో ఉన్నది కూతురి పేరు. కూతురు బతికే ఉంది.

శ్రావణం ముందు మామకు కంటి ఆపరేషన్ అయింది. కొన్ని వారాలు ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడు చిన్నసేఠ్‌కు ఒక ఆలోచన వచ్చింది. వాళ్ల బాపు, అంటే మామ, నోటి మాట ఒకటి అందరినీ దుకాణానికి రప్పిస్తుంది కదా, అదే మెయిల్లో పెడదామన్నాడు. కూతుళ్లకు "మీ అమ్మ చూసి పెట్టింది", కోడళ్లకు "మీ అత్తమ్మ చూసి పెట్టింది". నాకు మొదట ఏదోలా అనిపించింది, కానీ అతను నవ్వుతూ చెబుతుంటే సరదాగానే తోచింది. అతను రాసింది బడిపిల్లల వ్యాసంలా ఉంటే నేను తిట్టి తిరగరాశాను. మా అమ్మ నాతో ఎట్లా మాట్లాడుతుందో అట్లా రాశాను.

"బిడ్డా, శ్రావణం అచ్చింది. నీ పేరు మీద చీర ఉన్నది. మీ అమ్మ చూసి పెట్టింది. ఎన్నొద్దులాయె నిన్ను చూడక, అచ్చి తీస్కపో."

దుకాణం కిటకిటలాడింది. కూతుళ్లు తల్లులకు ఫోన్లు చేశారు. "ఏ చీర పెట్టినవ్ అవ్వా?" అంటే ఆ తల్లులు తెల్లమొహం వేసి, చివరికి సిగ్గుపడి, వాళ్లను వెంటేసుకుని వచ్చి నిజంగానే కొనిపెట్టారు. ఒకామె నావైపు వేలు చూపించి, "నా కొంప ముంచినవ్ గదనే దొంగమొహందానా" అని నవ్వుతూ తిట్టింది. మేమూ నవ్వుకున్నాం. చిన్నసేఠ్ అందరికీ జిలేబీలు తెప్పించాడు.

మామ నల్లద్దాలు పెట్టుకుని తిరిగి దుకాణానికి వచ్చిన వారంలోనే ఆ అమ్మాయి వచ్చింది. స్టేషన్ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతిలో సంచీ, చంకలో నిద్రపోతున్న చంటిది. పొడుగు ప్రయాణానికి మొహం పీక్కుపోయి ఉన్నా కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. నేరుగా గాదీ ముందుకు వెళ్లి మామ కాళ్లకు మొక్కింది.

"మామా, గుర్తువట్టినవా? మా అమ్మ చూసి పెట్టిన చీర ఇయ్యి. ఈడనే కట్టుకుని ఇంటికి పోత."

మామ గుర్తుపట్టాడు. నేనూ గుర్తుపట్టాను, తల్లి నుదురూ ముక్కూ అచ్చంగా దిగాయి. అయ్యో దేవుడా, ఈ పిల్లకు తెలియదు. తల్లి పోయి ఇన్ని నెలలైనా కన్నతండ్రి ఒక్క కబురు పంపలేదు. ఆ ముసలాయన మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ వెనకే, నేను పంపిన ఆ నాలుగు ముక్కలు గుర్తొచ్చాయి.

మామకు మెయిలు సంగతి తెలియదు కదా. "ఏ చీర బిడ్డా? ఎవలు చెప్పిండ్రు?" అన్నాడు అయోమయంగా. ఆమె సంచిలోంచి కాగితం తీసింది. మెయిలును అచ్చు తీయించుకుని తెచ్చుకుంది. ఎన్నిసార్లు విప్పి మడిచిందో, మడతల దగ్గర చిరుగుతోంది. తనే గట్టిగా చదివి వినిపించింది. "ఎన్నొద్దులాయె నిన్ను చూడక" అన్న ముక్క రెండుసార్లు చదివింది.

మామ కొడుకు వైపు ఒక్కసారి చూశాడు. చిన్నసేఠ్ తల వంచుకున్నాడు. దుకాణంలో చీరలు చూస్తున్న ఆడవాళ్లు కూడా ఇటే తిరిగారు. మామ లేచి, ఆమెను వెనక గదిలోకి తీసుకుపోయి, చంటిదాన్ని తన చేతుల్లోకి తీసుకుని, నన్ను మంచినీళ్లు తెమ్మన్నాడు. నేను గ్లాసు పట్టుకుని వెళ్లేసరికి చెప్పేశాడు. ఆమె ఏడవడం లేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది.

"ఎప్పుడు?"

"చలికాలంల బిడ్డా. ఎక్కువ గోసపడలే. నిద్రలనే పోయింది."

"మా బాపు ఉన్నడా?"

"ఉన్నడు."

ఆమె చేతిలో కాగితం చూపించి, "మరి ఇది ఎవలు రాసిండ్రు మామా?" అంది.

నేను రాశానని నేనే చెప్పాను. ఆమె నన్ను తేరిపార చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "అచ్చం మా అమ్మ మాట్లాడినట్టే ఉన్నది అక్కా" అంది. అప్పుడు ఏడ్చింది. నేను ఆ గదిలో నిలబడలేక గుమ్మం అవతలికి వచ్చేశాను, లోపలి మాటలు మాత్రం వినబడుతూనే ఉన్నాయి.

మామ తనే వెళ్లి ఒక మంచి చీర తీసి ఆమె ఒళ్లో పెట్టబోయాడు. తల్లిలాంటివాణ్ణి అనుకో, కాదనకు అన్నాడు. ఆమె రెండు చేతులతో వెనక్కి తోసింది. "నువ్వు పెద్ద మనసున్నోనివి మామా. కానీ మా అమ్మ పెట్టింది కాదు గద." ఇల్లు నాలుగు గల్లీల అవతలే ఉంది, తండ్రిని చూసిపో అని బతిమాలాడు. "అమ్మ పోయినంక చెప్పనోని ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోవాలె? పిలిస్తే అచ్చిన అనుకున్న. ఎవ్వలు పిలువలే" అంది. ఫోన్ నంబరు అడిగితే ఇవ్వలేదు. సాయంత్రం బండికే వెళ్లిపోయింది.

ఆ రోజు మామ కొడుకు మీద అరవలేదు, చెయ్యి చేసుకోలేదు. "ఇంటికి పోయే దారి లేనోల్లకు అక్కెరకచ్చే మాట అది. నువ్వు దాన్ని పాంప్లెట్ చేసినవ్‌రా" అని మాత్రం అన్నాడు. చిన్నసేఠ్ అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ మెయిలు మళ్లీ పంపలేదు. చనిపోయినవాళ్లను, విడిపోయినవాళ్లను, మాటలు లేనివాళ్లను గుర్తుపెట్టి ఎవరికి ఏం రాయకూడదో మామ నాతో మళ్లీ మొదటి నుంచి ఎక్కించాడు. ఏం లాభం? ముందే చేయాల్సిన పని.

కూతురు వచ్చి వెళ్లిన సంగతి బజారులో దాగుతుందా? గణపతుల నిమజ్జనం అయ్యాక ఒక మధ్యాహ్నం ఆ ముసలాయన దుకాణం మెట్లెక్కాడు. మనిషి సగమయ్యాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, మామ దగ్గర కూర్చుని, "మా బిడ్డ అడ్రస్ మీ కంప్యూటర్ల ఉన్నదంట. నా దగ్గర ఏం లేదు" అన్నాడు. మామ ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చి, "ఈయన ఏం చెప్తే అదే కొట్టు. ఈసారి మనది ఒక్క మాట గూడ వద్దు" అన్నాడు.

కడిగేద్దామని నేను ఎన్ని మాటలు దాచుకున్నానో! టోపీ తీసిన ఆ తల చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. ఏం రాయమంటారు కాకా అన్నాను.

"నువ్వే రాయి తల్లీ. నీకు మంచిగ అస్తదంట గద."

"నేను రాయను. మీరు చెప్పుండ్రి."

ఆయన స్టూలు ముందుకు జరుపుకుని తెర వైపు చూశాడు. రోడ్డు మీద ఆటోల మోత. ఈలోగా కరెంటు పోతుందేమోనని నాకు ఒకటే భయం. చివరికి ఒక్కో మాటా గొంతులోంచి పెకిలించి తీసినట్టు చెప్పాడు. "బిడ్డా. మీ అమ్మ పోయింది. నీకు చెప్పలే. తప్పు నాది. ఇంటికి రా. అల్లున్ని గూడ తోల్కరా. నేను ఏమనను. మీ బాపు." ఉన్నది ఉన్నట్టు కొట్టాను. ఒకసారి చదివి వినిపించమన్నాడు. "తప్పు నాది" అన్నచోట కళ్లు మూసుకున్నాడు. తీసేయమంటాడేమో అనుకున్నాను. ఉంచమన్నాడు.

మెయిలు పంపించాను. "పోయిందా?" అన్నాడు. పోయిందన్నాను. "గింత జల్దియా!" అని ఆశ్చర్యపోయాడు.

ఆ తర్వాత రోజూ వచ్చేవాడు. గుమ్మంలోనే నిలబడి, "ఏమన్న అచ్చిందా?" అనేవాడు. లేదంటే తల ఊపి వెళ్లిపోయేవాడు. మామ పిలిచి చాయ్ తాగించేవాడు. ఇంటికి సున్నం వేయిస్తున్నాననీ, చంటిదానికి ఊయల కట్టడానికి దూలానికి కొక్కెం ఉందనీ ఒక రోజు తనంతట తనే చెప్పాడు. నాకు ఆ మనిషి మీద కోపం ఎప్పుడు పోయిందో తెలియదు.

జవాబు వచ్చింది. తెరిచాను.

"అక్కా, మొదలు మా అమ్మ పేరు మీద రాసిండ్రు, అచ్చిన. ఇప్పుడు మా బాపు పేరు మీద రాస్తున్నరు. మా బాపు నాకెర్కలేదా? తప్పు నాది అనే మనిషేనా ఆయన? ఇవన్ని నీ మాటలే. మంచికే రాసినవేమో, కానీ ఇగ సాలు. నాకు రాయకు."

దాని కింద మేము పంపిన మెయిలు ఉంది. ముసలాయన చెప్పిన ఆ నాలుగు ముక్కల కింద, "మీ బాపు" అన్నదానికి ఆనుకుని, దుకాణం పేరూ, పండుగ తగ్గింపు ధరల వాక్యమూ అచ్చయి ఉన్నాయి. ప్రతి మెయిలు కిందా దానంతట అదే పడేటట్టు చిన్నసేఠ్ ఎప్పుడో పెట్టిందది. తీసేయాలని మాకెవరికీ తట్టలేదు. నేను ఒట్టు వేసి మళ్లీ రాశాను, ఇది నిజంగా మీ బాపు చెప్పిందే, మా అమ్మ మీద ఆన అని. మళ్లీ రాశాను. మామ కూడా చెప్పి రాయించాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. కొన్నాళ్లకు మెయిళ్లు తిరిగి రావడం మొదలైంది, ఆ చిరునామా లేదని.

ముసలాయనకు చెప్పక తప్పలేదు. మామే దగ్గర కూర్చోబెట్టి, నన్ను చదవమన్నాడు. దాచి, మెత్తగా మార్చి చెబుదామని నాకు ఎంతో అనిపించింది. కానీ ఇక ఆ ఇంటి మనుషుల మాటల్లో నా మాట ఒక్కటి కూడా కలపకూడదనుకుని, ఉన్నది ఉన్నట్టు చదివాను.

ఆయన విన్నాడు. కోపం రాలేదు, ఏడవలేదు. టోపీ మోకాలి మీద పెట్టుకుని దాన్ని సర్దుకున్నాడు.

"బిడ్డ అన్నదాంట్ల తప్పేమున్నది?" అన్నాడు. "నేను ఎన్నడన్న గట్ల మాట్లాడిన్నా?"